చిగుళ్ల మీద నీలిగీత

"ఎట్లాగూ కోస్తరు గదమ్మా, అందాక జర గట్టిగ ఒత్తుండ్రి," అన్నాడు ఖుద్దూస్ కడుపు పట్టుకుని.

డాక్టర్ మనోరమ చెయ్యి ఆగిపోయింది. తాండూరులో ఆమె పనిచేసే చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్‌కు అంతా సిద్ధంగా ఉంది. వికారాబాద్ నుంచి పొద్దున్నే రైల్లో దిగిన సర్జన్ మహేందర్ అపెండిక్స్ అని తేల్చేసి చేతులు కడుక్కుంటున్నారు. అపెండిక్స్ అయితే ఒత్తినప్పుడు గావుకేక పెట్టాలి కదా, ఈ మనిషేమిటి ఒత్తమని బతిమాలుతున్నాడు?

"ఒత్తితే తగ్గుతున్నదా?"

"ఒత్తినంతసేపు మస్తు హాయిగుంటదమ్మా. ఇడిస్తే మళ్ల మెలిపెడ్తది."

జ్వరం లేదు. వారం నుంచి విరేచనం లేదు. మనోరమకు ఏదైనా అనుమానం పట్టుకుందంటే ఇక అన్నం సహించదు. నోరు తెరవమని, అతని మొహం కిటికీ వైపు తిప్పి చూసింది. చిగుళ్ల అంచున పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నీలిగీత.

"ఏం పని చేస్తవ్?"

"ఇత్తడి గిన్నెల లోపల తగరం కరగబెట్టి కళాయి పూస్తమ్మా."

మనోరమ పరుగున సర్జన్ దగ్గరకు వెళ్లింది. "సార్, కత్తి పెట్టకండి. అపెండిక్స్ కాదు. ఒంట్లో సీసం చేరితే వచ్చే నొప్పి."

"పుస్తకాల్ల జబ్బులు తాండూరుకు ఎందుకొస్తయమ్మా?"

"ఒక్క చుక్క నెత్తురు పరీక్ష చేయనివ్వండి, చాలు."

అరగంట తర్వాత మహేందర్ మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూశారు. ఎర్ర కణాల్లో సీసం పెట్టిన నీలి చుక్కలు. ఆపరేషన్ వద్దని చెప్పి బయటికి వెళ్లిపోయారు.

మనోరమ సంతోషం పట్టలేక ఖుద్దూస్ దగ్గరకు వచ్చింది. "కోత లేదు. మందులతోనే తగ్గుతది. ఇంతకీ నీ కడుపులకు సీసం ఎట్ల పోయింది?"

"మూడు నెలల కింద తెచ్చిన తగరంల సీసం కలిసిందమ్మా. కరగబెట్టినంక తెలిసింది."

"తెలిసి ఏం చేసినవ్?"

"పూసిన."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లో సగం ఇళ్ల గిన్నెలకు, ఆమె ఇంటివాటికి కూడా, కళాయి పూసేది బహుశా ఇతనే. రోజూ వాటిలోనే చింతపండు పులుసు కాగుతుంది. పులుపు తగిలితే సీసం కరిగి కూరలోకి దిగుతుంది. ఎంతమంది పిల్లలు తిన్నారో.

"ఎవరెవరి గిన్నెలకు పూసినవో అన్నీ చెప్పు," అంది కాగితం తీసి.

ఖుద్దూస్ బిత్తరపోయాడు.

"మంది తినే గిన్నెలకు అసొంటి మాల్ ఎట్ల పూస్తనమ్మా? పారేయబుద్ధి గాక నేనొక్కన్నే వండుకునే గిన్నెలకు పూసుకున్న."