తాత తువ్వాల

"నాకు జెర కునుకు పట్టింది బిడ్డా. గంతల్నే ఆయన పానం పోయింది. పాపం నాదే," అంది సాలవ్వ, భర్త బట్టలు మూట కడుతూ. శవాన్ని వాళ్ళ ఊరు ఎల్లారెడ్డికి తీసుకెళ్ళే బండి ఆసుపత్రి బయట ఆగి ఉంది.

"మూడు దినాల సంది కూసునే ఉంటివి అవ్వా. కన్ను మూతపడదా? నువ్వు మేలుకోని ఉన్నా తాత దక్కేటోడు కాదని పెద్ద డాక్టర్ గూడ చెప్పిండు," అంది మెడికల్ స్టూడెంట్ గ్లోరీ.

ఆ మాట తనకు తాను మాత్రం చెప్పుకోలేకపోతోంది. తెల్లవారుజామున తాతను కనిపెట్టుకుని ఉండాల్సింది తనే. బల్లమీద తలవాల్చి నిద్రపోయింది. లేచేసరికి తాత చనిపోయి ఉన్నాడు. తన భుజాల మీద ఎవరిదో తువ్వాల ఉంది. ఎవరు చూశారోనని అప్పటినుంచీ భయపడుతోంది.

మూట ముడి వేయబోతూ సాలవ్వ ఆగింది.

"తాత తువ్వాల నీ కాడనే ఉన్నది బిడ్డా."

గ్లోరీ సంచిలోంచి తువ్వాల తీసింది. చేయి ముందుకు రాలేదు.

"నువ్వే కప్పినవా? నన్ను లేపొద్దా అవ్వా!"

"బీడీలు చుట్టుకుంట చాట ముంగట నేను గూడ గట్లనే ఒరుగుత. లేపబుద్ధి గాలే."

"నేను పండుకోవద్దుండె అవ్వా..."

సాలవ్వ తువ్వాల అందుకుంది.

"మరి నీకు కన్ను మూతపడదా బిడ్డా?"