కొత్త వెర్షన్‌లో ఓపిక

కూడళ్ళలో ట్రాఫిక్‌ని తెర మీద బొమ్మలతో ఆడించి చూపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో ఈసారి మనుషులకి ఓపిక కూడా పెట్టారు. రోడ్డు దాటడానికి నిలబడ్డ బొమ్మమనిషికి ఎంత ఓపికుందో మనమే చెప్పాలి. అది అయిపోగానే, ఎర్రలైటున్నా సరే, బండ్ల మధ్యలోకి దిగిపోతాడు.

మా ఆఫీసు ముందున్న కూడలినే నడిపి చూశాను. ప్రమాదాలు చూపించే ఎర్రచుక్కలతో తెర నిండిపోయింది.

"ఇది పైకి పంపితే మన మొహాన కొడతారు," అన్నాడు కుర్చీ వెనక నిలబడ్డ మా బాస్. "నడిచేవాళ్ళకి పచ్చలైటు పెంచామంటే బండ్లు వంతెన దాకా ఆగిపోతాయి. ఓపిక పెంచు."

"ముసలివాళ్ళకి కూడానా సార్?"

"వాళ్ళకి తొందరేముంటుందమ్మా? వాళ్ళకే ఎక్కువ పెట్టు."

నిజమే కదా అనిపించింది. పెట్టాను. ఎర్రచుక్కలన్నీ మాయమయ్యాయి. ముసలి బొమ్మలు పేవ్‌మెంటు అంచున బుద్ధిగా నిలబడ్డాయి. పీడా వదిలిందనుకుని ఫైలు పంపించేశాను.

ఇంతలో నాన్న ఫోను. ఎదురుగా ఉన్న కంటి ఆసుపత్రిలో చూపించుకుని నా దగ్గరికి వస్తున్నాడు.

"లైటు ఎంతకీ మారట్లేదమ్మా."

"ఇప్పుడంత తొందరేముంది నాన్నా? కాస్త ఓపిక పట్టు."

"పట్టడానికి ఒంట్లో ఓపికుండాలి కదమ్మా. కాళ్ళు వణుకుతున్నాయి, ఇంక నిలబడలేను. వచ్చేస్తున్నా."

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. నడిచేవాళ్ళ లైటు ఇంకా ఎర్రగానే ఉంది. నాన్నలో తొందర ఏ కోశానా లేదు. బండ్ల మధ్య మెల్లగా నడుస్తున్నాడు.