వెనక్కి తిరగొద్దు

“వెనక్కి తిరిగినవంటే పింఛన్ పాయె!” సునంద మొగుడి గడ్డం పట్టుకుని, పెదాలు బాగా కదుపుతూ చెప్పింది. బొగ్గు గనిలో పేలుళ్ల దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్న చందర్ ఆ పెదాలు చూసి తలూపాడు.

వికలాంగుల సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో దొంగ చెవిటివాళ్లను పట్టడానికి వెనక నుంచి తాళాలు పడేస్తారని, తిరిగి చూస్తే పేరు కొట్టేస్తారని పక్కింటి నాగక్క చెప్పింది. చందర్‌ది దొంగ చెవుడు కాదు. కానీ వినపడని మనిషి కదా, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకోవడం అలవాటు. సునంద భయమంతా అదే. ఇప్పటికే రెండు క్యాంపులు రద్దయ్యాయి. ఒకసారి డాక్టర్ రాలేదు, ఒకసారి మిషన్ పనిచేయలేదు. పాత సర్టిఫికెట్ గడువు ఈ నెలాఖరుకు సరి. ఇదీ తప్పితే ఇంట్లో పొయ్యి వెలగదు.

“తోడొచ్చినోళ్లు బయటుండాలె!” అన్నాడు క్యాంపు గది గుమ్మంలో గుమస్తా మురళీకృష్ణ. సునంద బయటికొచ్చి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. లోపల చందర్ గోడకేసి చూస్తూ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు.

పది నిమిషాలు గడిచాయో లేదో, “పాము! పాము!” అని కేక. పక్కనే అడవి, పైగా వానాకాలం. బీరువా కింద నుంచి బారెడు నాగుపాము బయటికొచ్చింది. డాక్టర్ భార్గవితో సహా అందరూ తలుపుకేసి పరుగు. పరీక్షకొచ్చిన మిగతావాళ్లకు చెవులు లేకపోయినా కళ్లున్నాయి కదా, చూసినవాళ్లు చూసినట్టే పారిపోయారు. ఎవరి ప్రాణం వారికి తీపి. చందర్ ఒక్కడే గోడను చూస్తూ ఉండిపోయాడు.

“ఏమయ్యా! లెవ్వు! ఇటు జూడు!” సునంద గొంతు చించుకుంది. ఊచలు గుంజింది. కంకర రాయి తీసి విసరబోయింది. సరిగ్గా అప్పుడే పాము అతని కాలి పక్కన పడగ విప్పింది.

రాయి చేతిలోనే ఉండిపోయింది. ఇందాకటిదాకా తిరిగి చూడమని అరిచిన మనిషి ఇప్పుడు తిరగొద్దని మొక్కుకుంది. “రామయ్య తండ్రీ, ఆయన కాలు కదపకుండ జూడు.” గేటు దగ్గర మురళీకృష్ణ ట్యాబ్ పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. తోడొచ్చినవాళ్లు “ఉన్నం సార్” అని పలుకుతున్నారు. అవేవీ ఆమె చెవికెక్కలేదు. ప్రాణమంతా ఆ కాలి మడమ దగ్గరే ఉంది.

ఎంతసేపైందో తెలియదు. చివరికి పాము పడగ దించి, కుర్చీ కింద నుంచి జారి గోడ కన్నంలోకి దూరిపోయింది.

సునంద లోపలికి ఉరికింది. భుజం పట్టి కుదిపినా చందర్ తిరగలేదు. ముందుకొచ్చి నిలబడితే అప్పుడు చూసి, “నా నంబర్ వచ్చిందా?” అన్నాడు గట్టిగా. ఆమె ఘొల్లుమంది.

తలుపు దగ్గర నిలబడ్డ భార్గవికి కూడా కళ్లు తడిశాయి.

“ఈయనకు వేరే పరీక్ష ఎందుకమ్మా, కండ్లార చూసినం కదా! ఇయ్యాల క్యాంపు రద్దు. అయినా భయపడకు, మా గుమస్తా అందరికీ ఎల్లుండికి తేదీ ఇచ్చిండు. మీకూ మెసేజ్ వస్తది.”

బతుకు జీవుడా అనుకుంది సునంద. అంతలోనే కొంగున చుట్టుకున్న ఫోన్ మోగింది. కళ్లు తుడుచుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

“చందర్ గారూ, వినికిడి పరీక్షకు మూడుసార్లు పేరు పిలిచినా మీరు పలకలేదు. కావున మీ దరఖాస్తు రద్దు చేయబడింది.”