ఏడుపు పందెం

“బొట్టూ గాజులూ ఉన్న మనిషివి. శవం కాడ ఏడుపేటే నీకు?” తవిటమ్మ కోడలి జబ్బ పట్టుకుని వరసలోంచి ఇవతలికి లాగింది.

“శవం కాదత్తా, గంగులు మావ. సుట్ట కాల్సుకుని ఇప్పుడే ఎల్లి పడుకున్నాడు,” అంది దాలమ్మ.

వరసలో నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు. తవిటమ్మ నవ్వలేదు.

అరవై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. కళింగపట్నం రేవులో పాడుబడిన గిడ్డంగిలో సినిమా వాళ్లు దిగి వారమైంది. ఒక కెమెరా, ఒక వ్యాను, పదిమంది మనుషులు. శ్మశానంలో ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారని పందెం వేసుకున్న నలుగురు స్నేహితులను ఆడదెయ్యం పట్టుకునే కథ. అంతా బాగానే ఉంది గానీ దెయ్యానికి ఏడుపు కుదరలేదు. మద్రాసు నుంచి తెచ్చిన నటి రెండు రోజులు ఏడ్చింది. పిల్లిని తొక్కినట్టు వచ్చింది. ఈ పక్క ఆడవాళ్లు చావింట రాగం తీసి ఏడుస్తారని డైరెక్టరు కూర్మనాథంతో ఎవరో అన్నారు. ఆయన చాటింపు వేయించాడు. అందరికంటే బాగా ఏడ్చిన మనిషికి పట్టుచీర అని, ఆ చీరను గిడ్డంగిలో దండెం మీద అందరికీ కనబడేలా వేయించాడు.

“నా కొడుకు సముద్రం మీద వేటకెల్లాడు. వస్తాడు,” అంది తవిటమ్మ. “ఇంటికాడ పెళ్లం సోకం పెట్టిందంటే దారిలో ఉన్నోడు దారిలోనే ఆగిపోతాడు.”

మూడేళ్లుగా అదే మాట. ఆ కొడుకు అప్పలసూరి ఎక్కిన పడవ తుఫానులో చిక్కుకుంది. పడవ రాలేదు, శవమూ రాలేదు. శవం లేనిదే ఏడవకూడదంది తల్లి. పలకరించడానికి వచ్చిన వియ్యపురాలు కళ్లొత్తుకుందని గుమ్మంలోంచే పంపేసింది. పొయ్యి పొగకు దాలమ్మ కళ్లు చెమరించినా, “ఏటది?” అని అడిగేది.

“నాను ఏడవను గదత్తా. దెయ్యం ఏడుస్తాది. వట్టి వేషం,” అంది దాలమ్మ. “పట్టుసీర అత్తా. నానెప్పుడు కట్టాను?”

తవిటమ్మ దండెం మీది చీరకేసి చాలాసేపు చూసింది.

“ఆడొచ్చిన్నాడు కట్టుకుంటావా?”

“ఆఁ.”

“అయితే ఎల్లు. ఆడి పేరెత్తకు. ఆడిని తలుసుకోకు.”

“అలగే.”

గిడ్డంగి మధ్యలో శవం వేషంలో తెల్లగుడ్డ కప్పుకుని గంగులు పడుకున్నాడు. వరసలో ముందున్న దానమ్మ మొదట కూర్చుంది. రెండు మాటలు రాగం తీసేసరికి గుడ్డ కింద గంగులు కాలి వేళ్లు ఆడాయి. ఆమెకు నవ్వాగలేదు. తరవాత ఒకావిడ చచ్చిపోయిన మామగారిని తలుచుకుని బాగానే మొదలెట్టి, “గట్టు జరిపి మా మడి కలిపేసుకోనేదా మావో,” అని తిట్లలోకి దిగిపోయింది.

“చాలమ్మా, చాలు,” అన్నాడు కూర్మనాథం. “ఇంకెవరు?”

దాలమ్మ వెళ్లి కూర్చుంది. కొంగు విప్పి మళ్లీ దోపుకుంది. టేపు మిషను తిప్పే ఆయన డైరెక్టరు వైపు చూశాడు. అప్పుడు వచ్చింది ఏడుపు, కడుపులోంచి, సన్నగా, పొడుగ్గా. గంగులు కాలి వేళ్లు బిగుసుకున్నాయి.

“రోజూ కంచం పెడతన్నాను, రోజూ తీస్తన్నానూ... రోజూ సాప పరుస్తన్నాను, రోజూ సుడతన్నానూ... ఉన్నావని నవ్వమంటే ఎన్నాళ్లు నవ్వనయ్యో...”

కూర్మనాథం చాలన్నట్టు చెయ్యెత్తాడు. ఆమె చూడలేదు. వరసలో నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ముక్కు చీదారు. దానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకొకామె గోడకు ఆనుకుని చతికిలబడి గొంతెత్తింది. చీర సంగతి ఎవరికీ గుర్తులేదు.

“ఆపండమ్మా! ఒక్కరే ఏడవాలి!” అన్నాడు కూర్మనాథం. ఎవరూ వినలేదు.

గుడ్డ కింద శవం కదిలింది. వెక్కుతూ లేచి కూర్చుంది.

“నా వల్ల కాదు బాబూ. ఆయాల ఆ పడవని నీట్లోకి తోసినోళ్లలో నానొకడిని,” అన్నాడు గంగులు.

శవం లేవడం చూసి దెయ్యం వేషం నటి కెవ్వున అరిచి బయటికి పరుగెత్తింది. రెండు రోజులుగా అడిగినా రాని కేక. అదీ దక్కలేదు. రీలు ఎప్పుడో అయిపోయి, టేపు కొస చక్రంతో పాటు టపటపా కొట్టుకుంటోంది.

చాలాసేపటికి గిడ్డంగి సద్దుమణిగింది. కూర్మనాథం తనే వెళ్లి దండెం మీది చీర తెచ్చాడు.

“తీసుకో అమ్మా. ఇది నీదే.”

దాలమ్మ చీర ముట్టుకోలేదు.

“సీర కోసం రానేదు బాబూ. ఏడవడానికొచ్చాను. మా ఇంట్లో ఏడవనివ్వరు.”

ఆ మాట అన్నాక గుమ్మం వైపు చూసి తల దించుకుంది. తవిటమ్మ అక్కడే నిలబడి ఉంది. అంతా విన్నది. మెల్లగా లోపలికి నడిచి వచ్చింది. ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు. గంగులు లేచి అడ్డం వచ్చాడు.

“అక్కా, దాన్నేటీ అనకు. నీకు దండం పెడతాను.”

తవిటమ్మ అతన్ని పక్కకు నెట్టింది. కోడలి పక్కన కూలబడి, ఖాళీగా పడి ఉన్న తెల్లగుడ్డను ముడతలు లేకుండా అరచేత్తో సాపు చేసింది. తరవాత టేపు మిషను వైపు తల తిప్పింది.

“ఆ సక్రం మల్లీ తిప్పు బాబూ. ఆడి తల్లిని, నానింకా ఏడవనేదు.”