ఎర్ర కార్డు పెట్టిన మనిషి

పొద్దున షెడ్డు తలుపు తీయగానే మాలకొండమ్మ గడపలోనే ఆగిపోయింది.

గోడమీది పెద్ద టీవీలో రంపం మిషన్ కార్డు ఎర్రగా ఉంది.

ఉదయగిరిలోని ఆ చెక్క స్పూన్ల షెడ్డుకు ఆమె మేస్త్రి. చేతికింద పన్నెండుమంది ఆడవాళ్ళు. టీవీలో కనిపించేది కంపెనీ బోర్డు; ఒక్కో మిషనుకు అందులో ఒక్కో కార్డు. ఇక్కడ ఫోనులో కార్డు రంగు మారిస్తే ఆ క్షణమే ఆత్మకూరు షెడ్డులోనూ, నెల్లూరు ఆఫీసులోనూ మారుతుంది. పని సాగుతుంటే పచ్చ, అడ్డం పడితే ఎరుపు.

ఆత్మకూరులో రెండేళ్ళుగా ఉన్న బోర్డు ఉదయగిరికి వచ్చి మూడు నెలలైనా ఇక్కడ ఎవరూ ఎరుపు జోలికి పోలేదు. మిషన్ చెడినా పచ్చే, చెక్క రాకపోయినా పచ్చే. మన లోపం మనమే ఊరంతా చాటుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమేనని మాలకొండమ్మ నమ్మకం.

"ఎవురు మార్చినారు దీన్ని?"

"నేనేనమ్మా" అన్నాడు వెనకే లోపలికొచ్చిన మాల్యాద్రి.

వారం కిందట ఆఫీసు పంపిందంటూ దిగాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. ఏం పని మీద వచ్చావంటే "ఊరికే చూసిపోదామని" అంటాడు. ఊరికే చూసిపోయేవాడికి ఏ కంపెనీ జీతమిస్తుంది? పైగా రోజంతా రంపం దగ్గరే నిలబడి, దాని మీద పనిచేసే నాగులమ్మ చేతులకేసి చూస్తుంటాడు.

"నాకు ఒళ్ళు జలదరిస్తా ఉండాదక్కా" అని నాగులమ్మ రెండుసార్లు చెప్పింది.

"ఎందుకు మార్చినావు?" మాలకొండమ్మ గద్దించింది.

"రంపం ఊగతా ఉండాదమ్మా."

"ఊగకుండా చెక్కముక్క బిగించినాం గదా. నడస్తానే ఉండాది."

"ఆ ముక్క ఎన్నాళ్ళు ఆగుద్ది? రెడ్ పెడితేనే గదా మెకానిక్ వచ్చేది."

"ఈడ మేస్త్రివి నువ్వా, నేనా?"

మాల్యాద్రి పోయి రంపం దగ్గర నిలబడ్డాడు.

ఆమె కార్డును పచ్చ చేసింది. శనివారానికి బెంగుళూరుకు అయిదువేల స్పూన్లు పోవాలి. మిషన్ ఆగిందని తెలిస్తే ఆర్డరును ఆత్మకూరుకు మార్చేస్తారు. అప్పుడు పన్నెండిళ్ళల్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

మధ్యాహ్నానికి కార్డు మళ్ళీ ఎర్రబడింది. మాలకొండమ్మ దాన్ని తిరిగి పచ్చ చేసింది.

అప్పుడే ప్యాకింగు చేసే విజయకుమారి కొత్త కబురు మోసుకొచ్చింది.

"అక్కా, ఈయన ఆత్మకూరు షెడ్డు మేస్త్రంట. బస్సులో మావాళ్ళు గుర్తు పట్టినారు."

మాలకొండమ్మకు లెక్క తేలిపోయింది. "అదీ సంగతి. మన ఆర్డరు తన్నుకపోను వచ్చినాడు."

ఇక ఆలస్యం చేయలేదు. ఆ బోర్డులోనే ఫిర్యాదు రాయించింది. 'ఆడవాళ్ళు పనిచేసే చోట నిలబడి చూస్తున్నాడు. ఈ మనిషి మాకు వద్దు.' కింద పన్నెండుమంది పేర్లూ పెట్టించింది. నాగులమ్మ పేరే మొదట.

సాయంత్రంలోపే ఆఫీసు నుంచి మాల్యాద్రికి ఫోను వచ్చింది. ఆయన సంచి భుజాన వేసుకుని నాగులమ్మ దగ్గర ఆగాడు.

"రేపు మాత్రం ఆ మిషన్ ముట్టుకోబాకమ్మా."

"పోవయ్యా, చెప్పొచ్చినావు" అంది మాలకొండమ్మ. పీడ వదిలిందని ఆ పూట ఇంటికి తేలిగ్గా నడిచింది.

మర్నాడు ఆమె వచ్చేసరికి షెడ్డు ముందు బైకు ఆగి ఉంది. ఆత్మకూరు మెకానిక్ సురేంద్రబాబు.

అతను రంపం మూత విప్పాడు. బోల్టు దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది. అతను దాన్ని పైకెత్తి చూపించాడు.

"దీన్నా నడిపిస్తా ఉండారు? ఇంకో పూట నడిచుంటే రంపం ఊడి మనిషి మీదకి వచ్చుండేది."

నాగులమ్మ రెండు చేతులూ పైటలో దాచుకుని నిలబడిపోయింది.

మాలకొండమ్మ సురేంద్రబాబు వైపు తిరిగింది.

"నిన్నెవురు రమ్మన్నారయ్యా?"

"మాల్యాద్రన్న. నిన్న బస్టాండులో కూచోని రెడ్ పెట్టినాడు. పొద్దున ఆళ్ళు మిషన్ వేసేలోపల పోరా అని ఫోను కూడా చేసినాడు."

ఆమె సిగ్గుతో తల దించుకుంది. "తప్పు చేసినాను. ఆయన్ని మళ్ళీ పంపించమని ఆఫీసుకి నేనే చెప్తా."

"ఇంకేం చెప్తావక్కా? మీ ఫిర్యాదు చూసి పనిలోంచే తీసేసినారు."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"మేము ఆయనకేమవుతామని ఇంత పట్టించుకున్నాడు?"

సురేంద్రబాబు బోల్టును చేతిలో తిప్పాడు.

"పోయినేడు ఆత్మకూరులో చెడిన రంపానికి మూడు దినాలు పచ్చ కార్డే పెట్టి నడిపించింది ఆయనేనక్కా, నాలుగో దినం దాని కింద చేతివేళ్ళు పోగొట్టుకునింది ఆయన కూతురే" అన్నాడు.