ఎవరికి చెయ్యూపింది?

దమయంతి ఎక్కిన ఆటో కాశీబుగ్గలో ఆగగానే, వెనకాల వచ్చిన ఆటోలోంచి గౌరీశ్వరి కూడా దిగింది. కొంగు నెత్తిమీదుగా ముఖానికి లాక్కుని పళ్ల బండి చాటున నిలబడింది. ఆ మగాడెవడో కళ్లారా చూడందే ఇవాళ ఇంటికి పోకూడదని గట్టిగా అనుకుని వచ్చింది.

దమయంతి గౌరీశ్వరికి తమ్ముడి భార్య. తమ్ముడు ధర్మారావు కిడ్నీలు పాడై చనిపోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఈమధ్య దమయంతి ప్రతి గురువారం ఉతికిన చీర కట్టుకుని, పలాసలో పనుందని చెప్పి వెళ్తోంది. సాయంత్రానికి వెలిగిపోతున్న ముఖంతో తిరిగొస్తోంది. జీడిపప్పు ఒలిచే షెడ్డులో ఆడవాళ్లు అప్పుడే గుసగుసలు మొదలెట్టారు.

"మొగుడు పోయినదానికి మొకంలో అంత కలెక్కడిది? ఎవులో ఉన్నాడు. ఎనకాలే ఎల్లి సూడు," అని తల్లే గౌరీశ్వరిని పంపింది.

దమయంతి బజారు వైపు తిరగలేదు. తిన్నగా పలాస రైల్వేస్టేషనుకు నడిచింది. అయితే వాడు పరాయి ఊరివాడు, రైల్లో వస్తాడన్నమాట. గౌరీశ్వరి అడుగు వేగం పెంచింది.

దమయంతి ప్లాట్‌ఫారం టిక్కెట్టు తీసుకుని లోపలికెళ్లి, బజ్జీలు కొనుక్కుని బల్ల మీద కూర్చుంది. పక్కనున్న ఒడియా ముసలావిడతో ఏదో మాట్లాడి పకపకా నవ్వింది. స్తంభం చాటున నిలబడ్డ గౌరీశ్వరికి ఒళ్లు మండిపోయింది. తమ్ముడు పోయాక తాను నోరారా నవ్వి ఎరగదు. టీవీలో ఏదైనా చూసి నవ్వొచ్చినా, పక్కింటికి వినబడుతుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. దీనికి ఆ మాత్రం భయం లేకపోయింది.

బండి వస్తోందని మైకులో చెప్పారు. దమయంతి లేచి జుట్టు సవరించుకుంది. బండి వచ్చి ఆగింది. గౌరీశ్వరి ఒక్కో పెట్టె తలుపూ రెప్ప వెయ్యకుండా చూసింది. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. దమయంతి దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. బండి కదిలింది. అప్పుడు దమయంతి నవ్వుతూ చెయ్యెత్తి ఊపింది.

దిగడానికి భయపడ్డాడు కాబోలు. గౌరీశ్వరి ఒక్క ఉదుటున వెళ్లి ఆమె భుజం పట్టుకుంది.

"ఎవులాడు? ఏ పెట్లో ఉన్నాడు?"

దమయంతి ఉలిక్కిపడింది. వదినను గుర్తుపట్టాక మాత్రం భుజం విడిపించుకోలేదు.

"ఎవులూ లేరొదినా. నాను సెయ్యూపితే రైల్లో ఉన్నోలూ ఊపుతారు. ఆలెవులో నాకు తెల్దు, నానెవులో ఆలకి తెల్దు."

"నన్ను నమ్మమంతావేటి?"

"ఊర్లో నన్ను సూత్తే సాలు, అందరూ ఏడుపు మొకం ఎట్టేత్తారు. ఆలెట్టాక నానూ ఎట్టాల కదా. నాకు మొగుడు పోయాడని ఇక్కడెవులికీ తెల్దు. అందుకే వత్తన్నాను."

గౌరీశ్వరి నమ్మలేదు. ఇంకో బండిలో వస్తాడేమో కనిపెడదామని అదే బల్ల మీద, కాస్త ఎడంగా కూర్చుంది. దమయంతి మళ్లీ వేడివేడిగా బజ్జీలు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. చాలాసేపు గౌరీశ్వరి వాటి వంక చూడలేదు. తర్వాత ఒకటి తీసుకుంది.

మరో బండి వచ్చింది, ఆగింది, కదిలింది. దమయంతి చెయ్యూపింది. గౌరీశ్వరి కిటికీలన్నీ వెతుకుతోంది. ఇంతలో తలపాగా చుట్టుకున్న ఓ ముసలాయన నేరుగా ఆమెనే చూసి, బోసినోటితో నవ్వుతూ చెయ్యూపాడు. ఆమె చప్పున తల తిప్పుకుంది. ఎరిగినవాళ్లెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసింది. ఒక్కరూ లేరు. మెల్లిగా చెయ్యెత్తింది. ఆఖరి పెట్టె దాటిపోయేదాకా ఆ చెయ్యి దించలేదు.

ఒళ్లో ఫోను మోగింది. తల్లి. వాడు దొరికాడా లేదా అని ఆత్రంగా అడిగింది. గౌరీశ్వరి దమయంతి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"దొరకనేదమ్మా. పైవోరం కూడా దీనెనకాలే రావాల."