దాని పేరు కొట్టేయండి

ఆఫీసరమ్మకు,

మంచాన పడ్డ నాకు చాకిరీ చేస్తూ నా మనవరాలు బడి మానేసిందని మీరు ఒక ఆయాను పంపారు.

ఆ మహాతల్లి నన్ను పక్కకు తిప్పబోయి గోడకేసి కొట్టింది. "పదేళ్ల పిల్ల పువ్వులా తిప్పుతుంది, నీకేం మాయరోగం?" అని తరిమేశాను.

"పిల్లకు చదువుకోవాలని ఉందట పెద్దమ్మా" అంది గుమ్మంలో నిలబడి. నేను పోయాక చదువుకుంటుందిలే. నేను ఇప్పట్లో పోను.

ఇకమీదట ఎవర్నీ పంపొద్దు. మీ బడిపిల్లల పుస్తకంలో దాని పేరు కొట్టేయండి.

నాకు అక్షరమ్ముక్క రాదు. నేను చెబుతుంటే ఈ కార్డు రాస్తున్నది అదే. పేరు కొట్టేయమన్న చోట కలం ఆగింది. వీపు మీద ఒక్కటిచ్చాను, కదిలింది. నా మందుసీసాలు చదవడానికి, మీకీ ముక్క రాయడానికి దానికొచ్చిన చదువు చాలు.